పార్కు ఎదురిల్లు

"పార్కు ఒస్తాదంటారా, సావుకారుగారూ?" అని ఇల్లు కొనడానికొచ్చిన గురువులు మళ్ళీ అడిగాడు.

భీమేశ్వరరావు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఆ రాయి సూడు. సక్రవర్తి పట్టాభిషేకం నాడు కలెక్టరు దొరగారు సొయంగా పాతేరు. రేపో మాపో పని మొదలెడతారు."

గోసాని నువాగాం పేటలో ఆ ఇంటి ఎదుట ఉన్నదల్లా ఆ రాయి, దాని చుట్టూ బోడి మైదానం. గురువులు వెళ్ళి రాయిని రెండు చేతులా పట్టుకుని ఊపి చూశాడు. అది కదల్లేదు. దొరగారి మాటలో గట్టితనం ఎంతో చూస్తున్నాడు కాబోలని భీమేశ్వరరావు లోలోపల కుంగిపోయాడు.

లోపలికొచ్చి వంటగది చూడమని ఇల్లాలు ఆదిలక్ష్మి పిలిచినా గురువులు రాలేదు. వానాకాలంలో నీళ్ళు నిలుస్తాయా, పొద్దుటి ఎండ ఎటు పడుతుంది, పశువులు తిరుగుతాయా అని మైదానం గురించే ఆరా తీశాడు. తనది బట్టల పని అని చెప్పాడు. వేళ్ళ కొసలకి ఎర్రరంగు కూడా ఉంది గనక, బడా బజారులో ఏదో అద్దకం కొట్టు కాబోలనుకున్నాడు భీమేశ్వరరావు.

"మా సందులో ఒకటే బళ్ళు బాబూ, పని సాగట్లేదు. అందుకే ఇల్లు మారదామని" అన్నాడు గురువులు. "పార్కులో సెట్లేస్తారా?"

"ఎయ్యకేం? సుట్టూ ఇనప కమ్మీలు, మద్దిన పూలమొక్కలు, కూకోడానికి బల్లలు."

గురువులు మొహం వాడిపోయింది. నమ్మలేదని భీమేశ్వరరావుకి అనిపించింది. ఇంతకుముందు వచ్చినవాళ్ళూ ఇలాగే విని, పక్కిళ్ళలో వాకబు చేసి, నవ్వుకుంటూ పోయారు. వాళ్ళకేం, నవ్వుతారు. ఖల్లికోటలో తమ్ముడు పోయి, మరదలు పుణ్యవతి పసిపిల్లలతో, మూతపడ్డ కిరాణా కొట్టుతో బిక్కుబిక్కుమంటూ ఉంది. ఈ ఇల్లు అమ్ముడైతే తప్ప అక్కడ కొట్టు తెరిచి వాళ్ళకి అండగా నిలబడే దారి లేదు.

మర్నాడు గురువులు వచ్చేసరికి, భీమేశ్వరరావు పిలిపించిన పార్కు కమిటీ మెంబరు వైకుంఠరావు అరుగు మీద సిద్ధంగా ఉన్నాడు. మెంబరుగారు పార్కు గురించి మాట్లాడితే వినేవాళ్ళకి మల్లెల వాసన వచ్చేస్తుంది. బేండు మేళం వాయించే గద్దెతో సహా వర్ణించి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

గురువులు నిట్టూర్చి లేచాడు. "ఇల్లు బాగుంది బాబూ. నాకే పనికిరాదు."

ఆదిలక్ష్మి గుమ్మంలోంచి మొగుడి వంక చూసింది. ఈ ఇల్లు కొన్ననాడు ఆయనా ఈ మెంబరు మాటలు వినే మురిసిపోయాడు. సాయంత్రాలు పార్కులో తిరగొచ్చని ఆమెకి కొత్త చెప్పులు కొనిచ్చాడు. అవి అటక మీద అలాగే ఎండిపోయాయి.

ఆ చూపుకి భీమేశ్వరరావు గబుక్కున లేచాడు. బేరం పోతే పోనీ, తనని ముంచిన మాటతో ఇంకొకణ్ణి ముంచలేననుకున్నాడు.

"ఆగు గురువులూ. నిజం సెప్తాను. పార్కు రాదు. ఆ రాయి పాతిన కాడినుంచి ఒక్క గొయ్యి తవ్వలేదు, ఒక్క మొక్క నాటలేదు. కమిటీలో ఒకరంటే ఒకరికి పడదు. మన జన్మలో రాదు."

"ఒట్టేనా?"

"సిమ్మాద్రప్పన్న మీద ఒట్టు."

గురువులు మళ్ళీ కూర్చున్నాడు. మైదానం వైపు కాసేపు చూసి, మొలలోంచి బయానా డబ్బు తీసి భీమేశ్వరరావు చేతిలో పెట్టాడు.

నిజం చెప్పినందుకు దేవుడు కళ్ళు తెరిచాడంది ఆదిలక్ష్మి. లోకంలో ఇంకా మంచివాళ్ళున్నారని భీమేశ్వరరావు కళ్ళు తుడుచుకున్నాడు.

రిజిస్త్రీ అయ్యాక కొన్నాళ్ళు బడా బజారులో చుట్టాలింట సర్దుకున్నారు. ఖల్లికోట రైలెక్కే రోజు, ఒక్కసారి ఇల్లు చూసుకుని వెళ్దామని తెల్లారుతూనే బండి అటు తిప్పించాడు భీమేశ్వరరావు. మైదానం దగ్గర బండివాడు ఎడ్లని ఆపేశాడు.

పార్కు రాయికి ఒక కొస కట్టి, గురువులు మైదానం పొడుగునా, మగ్గానికెక్కించే పట్టు పడుగు దారాలు సాగదీస్తున్నాడు.