డబ్బా లోపలి జిగురు

ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లకు అత్త కాళ్లు వంకరపోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఫిల్టర్ నీళ్లే తాగుతారు. చీకటి పడ్డాక, కొడుకును చేర్పించిన చౌటుప్పల్ దవాఖాన నుంచి తిరుమలకు భర్త వీరేశం ఫోన్ చేశాడు.

"పోరనికి విరేచనాలు ఆగుతలేవు. నీళ్ల డబ్బా లోపల ఎన్నడన్న కడిగినవా? జిగురు పడితె క్రిములు అండ్లనే దాక్కుంటయంట."

"ఫిల్టర్ నీళ్ల డబ్బాను కడుగుడేంది?"

ఫోన్ పెట్టేసి, తిరుమల డబ్బాలోని నీళ్లను బిందెలోకి వంపింది. అవి అద్దంలా ఉన్నాయి. ఖాళీ డబ్బాలోకి చెయ్యి పెట్టింది. వేలికి మెత్తగా, చల్లగా ఏదో అంటింది. పీచుతో రుద్దింది. మళ్లీ తడిమింది. అది అక్కడే ఉంది.

వెనక గుటగుటమని చప్పుడైంది.

చిన్నబిడ్డ బిందె పక్కన గ్లాసు దించి, మూతి తుడుచుకుంది.

"అమ్మా, ఇంకిన్ని పొయ్యవా?"