మాట్లాడండి

ఆఫీసంతా ఖాళీ అయింది. అకౌంట్లు చూసే ఆవిడ మాత్రం కంప్యూటర్ ముందు పళ్లు నూరుతూ కూర్చుంది. రేపు పొద్దున్నే తల్లికి ఆపరేషన్. సెలవు అర్జీ చూస్తే కదలదు. ఫైళ్లన్నీ ఆన్‌లైన్‌లో పెట్టాక ప్రతిదానికీ మేనేజరు ఆమోదం కావాలి. మేనేజరు పోయి నెల దాటింది. ఆయన పేరు తీసేయమని పెట్టిన అభ్యర్థన కూడా ఆమోదం కోసం ఆయన దగ్గరికే వెళ్లింది!

సిస్టమ్ చూసే కుర్రాడికి ఫోన్ చేసింది.

"పోయినాయన ఎలా ఒప్పుకుంటాడు బాబూ?"

"పైనుంచి ఓకే రావాలండి. రూలంతే."

"ఆయన పైకి పోయాడనేగా మొత్తుకుంటున్నా!"

ఫోన్ విసురుగా పెట్టేసింది. అప్పుడే టింగుమని అర్జీ వెనక్కి వచ్చింది. దాని కింద ఒక్కటే మాట: "మాట్లాడండి."

ఆవిడ ఒళ్లు జలదరించింది. అది ఆయన అలవాటు. ఆ మాట రాశాడంటే ఎవరైనా గదిలోకి వెళ్లి చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. ఇన్నేళ్లలో ఒక్కరినీ కూర్చోమన్న పాపాన పోలేదు.

గాజు తలుపు వెనక గది చీకటిగా ఉంది. లోపల కుర్చీ కిర్రుమని వెనక్కి వాలింది.

భయం ఎటుపోయిందో, ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మనిషి పోయినా పెత్తనం పోలేదన్నమాట!" అంటూ లేచి వెళ్లి తలుపు తోసింది.

"రండమ్మా," అంది చీకట్లోంచి ఆ గొంతు, ఎన్నడూ లేనంత మర్యాదగా. "కూర్చోండి. చాలాసేపు పడుతుంది."