రబ్బరు ముఖం

లెస్లీ చేసిన పని ఎర్నీకి మింగుడుపడలేదు. మేకప్ గురించి చెప్పుకోవాల్సింది ఉంటే మేకప్ మనిషితో, అంటే తనతో, చెప్పుకోవాలి. వాడు తిన్నగా వెళ్లి నిర్మాత క్రాబ్‌ట్రీ చెవిన వేశాడు.

"నా బుగ్గలు చూడు ఎర్నీ," అన్నాడు లెస్లీ, కుర్చీలో కూర్చుని అద్దం మీదికి వంగుతూ. "ఆ జిగురుకి పచ్చిపుండయిపోయాయి. రాత్రి మా ఆవిడ దగ్గరికొస్తే నేనే వద్దన్నాను."

"నీ మొహం చూసి కూడా దగ్గరికొచ్చిందా? మంచి ఇల్లాలు."

"వెటకారం ఆపు. నొప్పి నాది."

ఎర్నీ జిగురు సీసా మూత తిప్పాడు. సినిమాలో లెస్లీది సమాధిలోంచి లేచొచ్చిన శవం వేషం. రోజూ తెల్లవారకముందే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటాడు. దూది, జిగురు, రబ్బరు పాలు పొర మీద పొర వేసి, ఆరబెట్టి, మళ్లీ పొర వేసి, మూడున్నర గంటల్లో ఎర్నీ అతణ్ణి శవాన్ని చేస్తాడు. ఆ మూడున్నర గంటలూ ఇద్దరూ ఫుట్‌బాల్ గురించీ, లెస్లీ పావురాల గురించీ, వాళ్లావిడ మాడ్చిన కూరల గురించీ మాట్లాడుకుంటారు.

మధ్యాహ్నం కూడా అదే గది. వేషంలో ఉన్నవాళ్లు క్యాంటీన్‌లోకి రాకూడదని స్టూడియోలో కట్టడి. ఒకసారి లెస్లీని చూసి ఆఫీసు పిల్ల పళ్లెం వదిలేసి పారిపోయినప్పటి నుంచీ అంతే. జిగురుకు పట్టేసిన నోటితో లెస్లీ గొట్టంతో సూప్ పీలుస్తుంటే, ఎర్నీ పక్కన కూర్చుని తన రొట్టెముక్క తింటాడు. సాయంత్రం ఎర్నీ వెళ్లేది అద్దె గదికి. అక్కడ అతనితో మాట్లాడేది గ్యాస్ మీటరు ఒక్కటే, అదీ దాన్లో షిల్లింగు నాణెం వేస్తేనే.

"క్రాబ్‌ట్రీ ముసుగు చేయించమన్నాడు," అన్నాడు లెస్లీ. "తొడుక్కోవడం అయిదు నిమిషాల పనట. నేనూ కాస్త పొద్దెక్కేదాకా పడుకుంటాను."

"ముసుగులో కండ కదలదు. కెమెరా పట్టేస్తుంది."

"నువ్వు చేస్తే పట్టదు గురూ."

ఆ మాటే ఎర్నీ కొంప ముంచింది.

శనివారం లెస్లీని పడుకోబెట్టి, చెవుల్లో దూది కుక్కి, ముక్కులో రెండు గొట్టాలు పెట్టి, ముఖం మీద ప్లాస్టర్ వేశాడు. అది గట్టిపడేదాకా కదలకూడదు, మాట్లాడకూడదు. ఊపిరి ఆడుతుంటే బొటనవేలు ఎత్తి చూపాలి. తెల్లటి ముద్ద కింద లెస్లీ పూర్తిగా కనబడకుండా పోయాక, ఎర్నీ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు పొద్దున్నే రాకపోతే నేనెవరితో మాట్లాడనురా?" అన్నాడు.

లెస్లీ బొటనవేలు పైకెత్తాడు.

ఆ అచ్చు మీద ముసుగు పోస్తున్నప్పుడు ఎర్నీకి ఆలోచన రాకపోలేదు. బుగ్గల దగ్గర కాస్త మందంగా పోస్తే చాలు. నవ్వితే ముడత పడుతుంది, క్రాబ్‌ట్రీ అవతల పారేస్తాడు, కుర్చీలోకి మళ్లీ మనిషి వస్తాడు. కానీ వేళ్లు ఒప్పుకోలేదు. కళ్ల చుట్టూ, పెదవుల అంచున ఉల్లిపొరలా పల్చగా దింపాడు. కనుబొమలు వెంట్రుక వెంట్రుకగా గుచ్చాడు.

శుక్రవారం లెస్లీ అది తొడుక్కుని సెట్ మీదికి వెళ్లాడు. క్రాబ్‌ట్రీ చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది ముసుగేనా?"

"ముసుగే అయ్యా," అన్నాడు ఎర్నీ.

"ఏదీ, నవ్వు."

లెస్లీ నవ్వాడు. చచ్చిన బుగ్గ కదిలింది. లైట్లు పట్టుకున్నవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

ముసుగు తీసి చెమట తుడుచుకుంటూ లెస్లీ, "సోమవారం ఎన్నింటికి రమ్మంటారు?" అన్నాడు.

"నువ్వు రానక్కర్లేదోయ్. ఇంత బాగా కుదిరాక లోపల ఎవడుంటే ఏం? ఆ పొడుగున్నవాడు, ఎటూ మన జీతం తింటున్నవాడు ఎవడో ఒకడు చాలు."

ఎర్నీ ముందుకొచ్చాడు. "అతని నడక వేరయ్యా. అది ఇంకొకరికి రాదు."

"శవం నడకేగా. నేర్చుకుంటాడు."

మేకప్ గదిలో లెస్లీ తన టీ కప్పూ, గడ్డం కత్తీ సంచిలో వేసుకున్నాడు. ఎర్నీ బ్రష్షులు కడుగుతూ ఉండిపోయాడు. కడిగినవే మళ్లీ కడిగాడు.

"నువ్వు మరీ అంత బాగా చేయకుండా ఉండాల్సింది గురూ," అన్నాడు లెస్లీ. కోపంగా అనలేదు. గుమ్మం పక్కన వేలాడుతున్న తన కోటూ ఎర్నీ కోటూ ఒకే కొలతవి కావడంతో జేబులు తడిమి, తనదేదో తేల్చుకుని, తొడుక్కుని వెళ్లిపోయాడు.

సోమవారం మధ్యాహ్నం క్యాంటీన్ గుమ్మంలో శవం నిలబడింది. లోపల చెంచాల చప్పుడు ఆగిపోయింది. వడ్డించే డోరీన్ గరిటె పట్టుకుని గబగబా ఎదురొచ్చింది.

"ఓరి లెస్లీ, నీకెన్నిసార్లు చెప్పాలి నాయనా? ఆ మొహం వేసుకుని ఇటు రావద్దన్నానా? ఇదిగో సూప్, పట్టుకుని గదికి పో. పాపం ఎర్నీ ఒంటరిగా కూర్చుని నీ కోసమే చూస్తుంటాడు."

ఎర్నీ ముసుగు లోపలే తలూపి, సూప్ గిన్నె అందుకున్నాడు.