టోపీ లేని దొర

దొరకి టోపీ వద్దంది ఆ తెల్లావిడ.

అఫోలయాన్ ఉలి ఆపాడు. అబెకుటా ఊళ్లో తెల్లవాళ్ల బంగళాలన్నిటా ఆయన చెక్కిన కొయ్య దొరలే. టోపీ, పైపు, మోకాళ్ల దాకా మేజోళ్లు. టోపీ తీసేస్తే ఇంక దొరలో మిగిలేదేముంది?

"మరేం పెట్టమంటుంది?" ముసాఫరు బంగళా వంటవాడు బంకోలేని అడిగాడు. ఆవిడ మాట చెప్పడానికి వెంట వచ్చింది అతనే.

"తన మొహం పెట్టమంటోంది, బాబా."

"ఎవరికి?"

"మొన్న జ్వరంతో పోయాడే, రోడ్లు వేయించే దొర, ఆయన బొమ్మకి. రేపు రైలెక్కేలోగా కావాలిట."

"మొగుడికి పెళ్లాం మొహమా!"

"నీకూ నా మొహం పెట్టించుకో," లోపల్నుంచి భార్య మోనిలోలా అంది. "చూసేవాళ్లకి సుఖం."

ఇంతలో బొమ్మ బాగుచేయించుకోవడానికి కవలల తల్లి అడున్ని వచ్చింది. వీపున కొయ్యపిల్లాడు, చేతిలో బతికున్న పిల్లాడు. కవలల్లో పోయినవాడి బదులు చెక్కించుకున్న ఆ బొమ్మకి రోజూ స్నానం చేయించి, తినిపించి, ముక్కు అరగదీసింది. మోనిలోలా పరుగున వేడి అలసంద వడలు తెచ్చి పిల్లాడి చేతిలో పెట్టింది. కవల గడపతొక్కితే ఉత్తచేతులతో పంపుతారా?

అఫోలయాన్ పిల్లాడి గడ్డం పట్టుకుని, ఆ మొహం చూస్తూ కొయ్య ముక్కు సరిచేశాడు.

నిలబడే చూస్తున్న తెల్లావిడ పిల్లాణ్ని చూపించింది. కొయ్యపిల్లాణ్ని చూపించింది. తన చెంప తాకి చూపించింది.

"అదీ నచ్చినట్టుంది," అన్నాడు బంకోలే.

"అది అమ్మేది కాదని చెప్పు. నచ్చిందల్లా పట్టుకుపోవడం అలవాటు వీళ్లకి."

ఆవిడ మళ్లీ ఏదో మొదలెట్టింది. అఫోలయాన్ అరుగు మీంచి ఓ తయారు దొరని తీసి చేతిలో పెట్టాడు, టోపీతో సహా.

ఆవిడ ఆ టోపీ ఊడుతుందేమోనని మెల్లిగా తిప్పి చూసింది. ఊడలేదు. తలవంచి వెళ్లిపోయింది.

మర్నాడు స్టేషన్ నుంచి వస్తూ బంకోలే గుమ్మంలో ఆగాడు.

"ఎక్కించావా మీ దొరసానిని?" అన్నాడు అఫోలయాన్, రంగు కలుపుతూ. "మొగుడి బొమ్మ భద్రంగా పట్టుకెళ్లిందా?"

"ఆవిడ భార్య కాదట, బాబా. రైలు కదిలేముందు అడిగాను."

"మరెవరు?"

"అక్కట," బంకోలే గొంతు తగ్గించాడు. "ఆయనకంటే పావుగంట ముందు పుట్టిందిట."