కమాండర్ పేరు

అమ్మాయిలు తలా ఒకటి వేయగా కొత్త సాక్సు నిండా పదకొండు వేఫర్ బిస్కెట్ పొట్లాలు.

కమాండర్ పేరేమిటో సరిగ్గా చెప్పిన పిల్లకి సాక్సు సాక్సంతా దక్కుతుంది.

సైనిక శిక్షణ జరిగే నాలుగు వారాలూ ఆమెని "కమాండర్" అనే పిలవాలి. నవ్వకూడదు, సొంత కబుర్లు అడగకూడదు. ఆఖరి రోజు తన పేరు తానే చెబుతుంది.

ఆ ఆఖరి రోజు ఇవాళే!

"షోషనా అయ్యుంటుంది, చూస్కోండే. ఆ మూతి విరుపుకి అదే సరిపోతుంది," అంది డిక్లా. "నువ్వేమంటావే, లిరాజ్?"

"వార్దా," అంది లిరాజ్, బూట్లు తుడుచుకుంటూ.

అబద్ధం. అసలు పేరు ఆమెకి తెలుసు.

ఎఫ్రాత్.

డిమోనా ఊళ్లో ఇద్దరివీ ఎదురెదురు తలుపులు. మూడో అంతస్తు మెట్ల మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరికి, తొక్కలు కిందకి ఊది, కలిసి తిట్లు తిన్నవాళ్లే. ఆ దేశంలో పద్దెనిమిది నిండితే ఆడపిల్లలకీ సైన్యం పిలుపు తప్పదు. ఎఫ్రాత్‌కి ఏడాది ముందే వచ్చింది.

మొదటి రోజు గేటు దగ్గర కళ్లు కలిశాయి. తెలిసినవాళ్లమని నోరు జారితే మర్నాడే ఒకరిని వేరే చోటికి పంపేస్తారు. ఇద్దరూ నోరు కుట్టేసుకున్నారు.

కానీ మరీ అంత బాగా నటించాలా?

మొన్న శనివారం సెలవుకి, తుపాకీలో ఇసుక రవ్వ ఉందని లిరాజ్‌ని ఎఫ్రాత్ ఇంటికి వెళ్లనివ్వలేదు. లిరాజ్ కళ్లలో నీళ్లు తిరిగినా చూడనట్టే వెళ్లిపోయింది.

అది నటనో, నిజంగానే మారిపోయిందో. లిరాజ్‌కి ఆ దిగులే.

"ముప్పై సెకన్లు! అందరూ వరసలో ఉండాలి!"

పదకొండు మందీ పరుగో పరుగు.

కమాండర్ ముఖం గంటు పెట్టుకుని నిలబడింది. కుడి పిడికిలి బిగించి ఉంది.

"ఈ నిమిషం నుంచి నేను మీ కమాండర్ని కాను." టోపీ గాల్లోకి ఎగరేసింది. "నా పేరు ఎఫ్రాత్!"

ఈలలు, కేకలు. "ఎఫ్రాతా? ఒక్కరూ అనుకోలేదు కదే!" డిక్లా ఆమె మెడ పట్టుకుని వేలాడింది.

ఒక్కొక్కరినీ ఎడంచేత్తో వాటేసుకుంటూ వచ్చి ఎఫ్రాత్ లిరాజ్ ముందు ఆగింది.



ఎఫ్రాత్ వాటేసుకోలేదు. కొత్తవాళ్లకి ఇచ్చినట్టు కుడిచెయ్యి చాపింది.

"నా పేరు ఎఫ్రాత్. నీ పేరు?"

"లిరాజ్."

"మంచి పేరే."

చేతులు కలిశాయి, విడిపోయాయి. లిరాజ్ గబుక్కున పిడికిలి మూసింది.

"ఏమిచ్చిందే నీకు?" డిక్లా మీద పడింది.

"ఏం లేదే!"

పక్కకి తిరిగి వేళ్లు కాస్త విప్పి చూసుకుంది.

పొద్దుతిరుగుడు గింజలు. చెమటకి నానిపోయి ఉన్నాయి.