గాలి కారిన చోటు

మూడోసారి కూడా మిషను కూత పెట్టింది.

షెడ్డులో అందరూ అనీసా వైపు చూశారు. అన్నం క్యారియరు ఒళ్లో పెట్టుకుని తలుపు దగ్గర కూర్చున్న తల్లి దాదాబీ గుండెలో రాయి పడింది.

"కారుతాండాది," అన్నాడు టెస్టింగుకు వచ్చిన ముసలాయన హనుమంతప్ప.

అంతే. పుస్తకం తీసి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో రాసుకున్నాడు.

మంచి రాసేవాడికి అంత దాపరికం ఎందుకు?

సోమందేపల్లె దగ్గర హైవే పక్కన ఉంది ఆ షెడ్డు. దాదాబీ మొగుడు మాబాషా బతికున్నప్పుడు ట్రాక్టరు ట్రాలీలు అతికేవాడు. నాయన దగ్గర నేర్చిన వెల్డింగుతోనే అనీసా ఈ పనిలో చేరింది. అందరూ మగవాళ్లు, ఆడపిల్ల ఒక్కతే. అందుకే దాదాబీ రోజూ అన్నం వంకతో వచ్చి కాపలా కూర్చునేది.

"నీళ్లు పోసి చూసినారు కదమ్మీ, చుక్క కారలేదు. ఇంకేడ కారేది?" అంది దాదాబీ.

"నీళ్లు కాదుమా, హీలియం గాలి. నీళ్లు దూరని సందులో కూడా దూరుతాది. పరిశోధన కేంద్రంలో అయాన్లను వేగంగా తోలే పెద్ద యంత్రం ఉండాదే, దానికి పోయే పాత్ర ఇది. దీంట్లో ఎక్కడా లేనంత చలి పెడితే, లోపలి లోహంలో కరెంటు అడ్డు లేకుండా పారుతాదంట. పాత యంత్రానికి బలం పెంచుతాండారు. వెంట్రుకంత సందున్నా అంతా వృథా."

"ఆ సందు నీ అతుకులోనే ఉండాదా?"

"అతుకు దగ్గరే కూస్తాండాది. ఆయనేం రాస్తాండాడో చెప్పడు, సీలు వేసి కేంద్రానికి పంపుతాడు." అనీసా తల దించుకుంది. "ఇంకోసారి ఫెయిలైతే ఓనరు నన్ను తీసేస్తాడంట."

అంతలో హనుమంతప్పే వచ్చాడు.

"ఏదీ పాపా, చేతులు చూపించు."

అనీసా చేతులు చాపింది. ఆయన కళ్లజోడు పైకెత్తి, వంగి చాలాసేపు చూశాడు.

దాదాబీ దిగ్గున లేచింది. "ఏమప్పా, నా బిడ్డ చేతులతో నీకేం పని?"

"ఏం లేదమ్మా. వణుకుతాయేమో చూసినా."

"మూడుతూర్లు ఫెయిలు చేస్తే వణక్కుండా ఎగిరి ఆడతాయా?"

"చెప్పు సామీ, జవాబు చెప్పు!" అని నవ్వాడు పక్కనే రేకులు మోస్తున్న అంజినప్ప.

ముసలాయన కూడా నవ్వాడు. ఆ నవ్వూ దాదాబీకి నచ్చలేదు.

మర్నాడు ఆమె ఇంకొకటి చూసింది. అందరూ అన్నాలకు పోయినప్పుడు, హనుమంతప్ప మూలనున్న పాత్ర రేకుల కట్టలోంచి గోరంత ముక్క కత్తిరించి, చేతిగుడ్డలో మడిచి జేబులో వేసుకున్నాడు.

దొంగ!

పరుగున పోయి ఓనరు అభిలాష్‌కు చెప్పింది. గోరంత ముక్కకేనా అని నవ్వుతాడనుకుంది. అతని ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"మూలనుండే కట్టలోదా?"

"దాంట్లోదే సార్."

"కూర్చో అమ్మా."

రెండేళ్లలో ఆ గదిలో ఆమెకు కుర్చీ వేయడం అదే మొదలు. టీ కూడా వచ్చింది.

"రేకు సంగతి యాడా అనొద్దు. నీ బిడ్డ చేతులు పట్టుకున్నాడని ఒక కాగితం రాసియ్యి. మిగతాది నేను చూసుకుంటా. ఆ పాప ఉద్యోగానికి నాది పూచీ."

"పట్టుకోలేదు సార్. చూసినాడంతే."

"ఈరోజు చూసినాడు. రేపు?"

ఆ 'రేపు'కే కదా ఆమె ఇన్నాళ్లూ నిద్ర లేకుండా భయపడింది! కాగితం తీసుకుంది. అతను చెప్పినట్టే రాసింది.

నాలుగో రోజు హనుమంతప్పకు కేంద్రం నుంచి ఫోను వచ్చింది. సంచి సర్దుకున్నాడు. తలుపు దగ్గర ఆగాడు.

"అమ్మా, చేతి పని తీరు మార్చుకోవద్దని పాపకు చెప్పు."

"పోతా పోతా కూడా చేతుల మాటేనా!" దాదాబీ ముఖం తిప్పుకుంది.

కొత్త టెస్టింగాయన వచ్చాడు. మిషను సరిగ్గా వేడెక్కనైనా లేదు, టీ తాగి లేచేలోపు పాత్ర పాసయిపోయింది. దాదాబీ దర్గాలో చక్కెర చదివించి వీధంతా పంచింది.

నెల తిరక్కుండా అదే పాత్ర లారీలో వెనక్కి వచ్చింది. చలి పెట్టగానే కారిపోయిందట. వెంట ఫైలు పట్టుకుని కేంద్రం నుంచి కృపాకుమారి అనే ఆఫీసరు దిగింది.

"అతుకు ఈ పిల్లదే మేడం," అన్నాడు అభిలాష్ తడుముకోకుండా. "ఈరోజే తీసేస్తాండా. ఇంకే షెడ్డులోనూ పెట్టుకోకుండా రాసిపారేయండి."

దాదాబీ పోయి ఆఫీసరు ముందు నిలబడింది.

"నా బిడ్డకు ఈ పని తప్ప ఏమీ తెలీదు మేడం. కడుపు కొట్టొద్దండి."

కృపాకుమారి ఫైలు విప్పింది. "పాత రిపోర్టులు మూడున్నాయి. మొదటిది: 'అతుకు బాగుంది. కారేది రేకు.' రెండోది: 'రేకు నాసిరకం. మార్పించండి.' మూడోది..." ఆమె పేజీ తిప్పింది. "'రేకు ముక్క పంపుతున్నాను, పరీక్ష చేయించండి. ముప్పై ఏళ్లలో ఇంత నిలకడైన చెయ్యి నేను చూడలేదు. తప్పు ఈ అమ్మాయి మీదికి తోయాలని చూస్తున్నారు. ఆమె తరఫున ఎక్కడికైనా వచ్చి సాక్ష్యం చెప్తాను. హనుమంతప్ప.'"

దాదాబీకి పోయిన ప్రాణం లేచి వచ్చినట్టయింది. "అయితే నా బిడ్డ తప్పు లేదు! ఆయన్నే పిలిపించండి మేడం!"

"ఆయన సస్పెన్షన్‌లో ఉన్నాడు. ఈ రిపోర్టులు చెల్లవమ్మా. ఆ రేకు ముక్కను కూడా చూడకుండానే పారేశారు."

"ఏంటికి మేడం?"

కృపాకుమారి ఫైలు ఆమె వైపు తిప్పింది.

హనుమంతప్ప రాసిన మూడు రిపోర్టుల పైన గుచ్చి ఉన్న కాగితం అడుగున, ఏడో తరగతిలో ఆగిపోయిన గుండ్రటి అక్షరాల్లో, దాదాబీ సంతకం ఉంది.