అస్తవ వెనక దీపం

సూర్యోదయం చూపించడానికి సుకెర్త నలుగురు యాత్రికులను బతూర్ అగ్నిపర్వతం ఎక్కిస్తున్నాడు. వరుస చివర నడిచేది అస్తవ. పన్నెండేళ్లుగా వాళ్లిద్దరూ ఈ పనిలో జోడీ.

రెండో మలుపులో సుకెర్త వెనక్కి చూశాడు. యాత్రికుల తలదీపాలు నాలుగు, అస్తవది ఒకటి. చాలా కింద ఇంకొకటి ఉంది. వీళ్లు ఆగితే అదీ ఆగింది.

"వెనక ఇంకో గుంపుందేంట్రా?"

"ఈ రోజు మనమే కదన్నా." అస్తవ వెనక్కి తిరగకుండానే చెప్పాడు.

మూడో మలుపుకు దీపం దగ్గరికొచ్చింది. అడుగుల చప్పుడు లేదు. దగ్గు మాత్రం వినిపించింది. ముసలామె దగ్గు.

సుకెర్త యాత్రికులను కూర్చోబెట్టి అస్తవ దగ్గరికి దిగాడు.

"మీ నాయనమ్మకెలా ఉంది?"

"సాయంత్రం పోయింది."

చావు మైల ఉన్నవాడు ఆ కొండ ఎక్కడు. ఎక్కితే కీడు వెంట ఉన్నవాళ్లకూ తగులుతుంది. అది అక్కడి పిల్లలకు కూడా తెలుసు.

"శవాన్ని ఇంట్లో పెట్టుకుని వచ్చావా? కింద గుడిలో నా పక్కనే నిలబడి పూలు పెట్టావు కదరా!"

"చెబితే ఇంకొకణ్ణి తెచ్చుకుంటావు. మళ్లీ నన్ను పిలవవనుకున్నా."

"పన్నెండేళ్లలో నిన్నెప్పుడైనా వదిలేశానా?"

సుకెర్త దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"దిగిపో. వీళ్ల ప్రాణాలు నా మీదున్నాయి."

"ఎటు దిగనన్నా? ఉన్నది ఒక్కటే దారి."

దగ్గు మళ్లీ వినిపించింది. ఈసారి పక్క రాతి వెనక నుంచి.

సుకెర్త పైకి వెళ్లి యాత్రికులను లేపాడు.

"ఆయన రాడా?" అని ఒకామె అడిగింది.

"రాడమ్మా. అతని కోసం ఇంటినుంచి మనిషి వచ్చింది. పదండి."